నిరంకుశ రాజత్వము – ఆదవాని సీమ

ఐరోపా చరిత్రమును దెలుగున బోధించువారికి మొట్టమొదట నెదురగు చిక్కు పేరుతోడనే వచ్చుచున్నది. క్రీ. శ. పదునాఱవ శతాబ్ది మొదలు పదునెనిమిదవ శతాబ్ది వఱకు ఫ్రాన్సు, స్పెయిను, డెన్మార్కు, ప్రషియా మున్నగు దేశములలో నెలకొన్న రాజ్యపద్ధతికి మనవారు నిరంకుశ రాజత్వమని పేరిడిరి. పేరు చెవి కింపుగానే యున్నది. కాని యంకుశము లేని యేనుగు తోటలను ద్రొక్కునదియే గాని త్రోవను నడచునది కాదు. కవులను నిరంకుశులన్నప్పుడు మెచ్చుకోలుగా దోచు నీ విశేషణము రాజులకు జేర్పగనే బాలుర మనస్సున గ్రూరుడును స్వేచ్ఛాచారియు నగు నొక పురుషుని నిలుపును. పిమ్మట నా బాలుడు, మన దేశపు రాజులందఱు నిరంకుశులు, ఐరోపా రాజులు కొంతకాలము మాత్రమే యట్లుండిరి, ఇంగ్లీషువారు వచ్చి మనకు జట్టబద్ధమైన ప్రభుత్వము నిచ్చిరి యని మూడు వాక్యములలో చరిత్ర నంతయు ముగించును. ఈ మూడింటిలో నొక్కటియు గట్టిగా నిలువదు. నిలువదని చూపుటకు బారిసు నగరమునకు బోనక్కఱలేదు. తుంగభద్రకు దక్షిణముననున్న యాదవాని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల ప్రాంతపు చరిత్రమే చాలును.

మొదట శబ్దార్థమును విచారింతము. ఐరోపా భాషలలో నీ రాజత్వమునకు వాడు విశేషణము లాటిను ధాతువునుండి పుట్టినది. కట్టునుండి విడివడిన యని దాని యర్థము. ప్రభువు శాసనములచే బద్ధుడు కాడని రోమను ధర్మశాస్త్రమున నొక సూత్రము గలదు. దానినుండియే యీ మాట యెదిగినది. క్రీ. శ. 1576లో ఫ్రాన్సు దేశపు న్యాయవేత్త జీన్ బోడిన్ రాజ్యతంత్రమునుగూర్చి యాఱు భాగముల గ్రంథము వ్రాసి సార్వభౌమాధికారమునకు లక్షణము చెప్పెను. పరుల సమ్మతితో బనిలేకుండ శాసనములను జేయగలుగుట యా లక్షణములలో బ్రధానము. అయితే యీతడే రాజు దైవధర్మమునకును సహజధర్మమునకును లోబడియుండవలెననియు, ప్రజల సొత్తు ప్రజలదే గావున వారి యంగీకారము లేక క్రొత్త పన్నులు వేయరాదనియు జెప్పియున్నాడు. ప్రజలను బానిసలుగను వారి సొత్తును దన సొత్తుగను జూచువానికి బోడిన్ వేఱొక పేరు పెట్టెను. కావున శాసనబంధమునుండి విడివడుట వేఱు, ధర్మబంధమునుండి విడివడుట వేఱు. మన తెలుగు మాటలో నీ రెండును గలిసిపోయినవి.

సిద్ధాంతమున కంటె నాచరణము ముఖ్యము. ఫ్రాన్సులో నీ పద్ధతి యొక్కరాత్రిలో నేర్పడలేదు. పదమూడవ లూయీకి మంత్రియైన రిషెల్యూ 1626లో సరిహద్దులందుగాక దేశమధ్యముననున్న ప్రభువుల కోటలను గూల్చుట కాజ్ఞ యిప్పించెను. కోట యున్నచోట రాజాజ్ఞ చొరదు; ఆ సంగతి యాతడు బాగుగ నెఱిగినవాడు. 1628లో లా రోషెల్ పట్టణము ముట్టడికి లొంగినది. రాజ్యమునందలి మండలములకు ఇంటెండెంటు లనబడు నుద్యోగులను బంపిరి. వీరు వంశప్రతిష్ఠ గల ప్రభువులు గారు; పదవిని గొన్నవారును గారు. ఆ కాలమున ఫ్రాన్సులో న్యాయాధిపత్యము మొదలు సుంకపు పని వఱకు బదవులు ధనమునకు విక్రయింపబడి తండ్రినుండి కొడుకునకు దిగుచుండెను. అట్టివానిని రాజు తొలగింపలేడు. ఇంటెండెంటు మాత్రము రాజు పంపినంతనే పోవలెను, పిలిచినంతనే రావలెను. అందుచేతనే 1648లో బ్రభువులును న్యాయసభలును దిరుగబడినపుడు వారు కోరిన మొదటి కోరికలలో నొకటి యీ యింటెండెంటులను దీసివేయుమనుట. రాజు తలయొగ్గెను; తిరుగుబాటణగిన పిదప 1653లో మరల వారిని నియమించెను. పదునాలుగవ లూయీ అప్పటికి బాలుడు. 1661లో మజారిన్ చనిపోయిన నాటినుండి యీతడు ప్రధానమంత్రి లేకయే తానై పాలింప సాగెను. ఉన్నతవంశీయులను మంత్రులుగా గైకొన్నచో వారు తన యధికారమున బాలు కోరుదురని తలచి గుడ్డల వర్తకుని కుమారుడైన కోల్బర్టు వంటివారిని జేరదీసెను. 1682లో రాజసభ వర్సేల్సునకు మాఱెను. ప్రభువులు తమ మండలములను విడిచి రాజు నిద్రలేచు వేళకు ద్వారమున నిలుచుటయే గౌరవమని నేర్చుకొనిరి.

రాజ్యమనగా దానే యని యీ లూయీ పలికెనని మన పిల్లలు వల్లెవేయుదురు. అట్లు పలికినట్లు నమ్మదగిన యాధారము లేదు. పలికియున్నను నది పూర్తిగా నిజముగాదు. బ్రిటనీ, లాంగ్‌డాక్ మొదలగు మండలములలో బన్నుమొత్తమును స్థానిక సభలతో బేరమాడి నిర్ణయింపవలసి వచ్చుచుండెను. ఒక మండలమునుండి మఱొక మండలమునకు సరకు పోయిన సుంకము. ఉప్పుపన్నును వసూలు చేయువారు ముందుగా రాజునకు సొమ్ము గట్టి పిమ్మట బ్రజలవద్ద రాబట్టుకొను గుత్తదారులు. ప్రధానమైన భూమిపన్నునుండి ప్రభువులకును మతాచార్యులకును జాలవఱకు మినహాయింపు. రాజ్యపు కోటలననేకముగా గట్టించిన శిల్పియు సేనానియునైన వోబాన్ దేశమంతయు దిరిగి పేదల దురవస్థను జూచి, అందఱియాదాయమునందును బదియవ వంతునకు మించని యొక్కటే పన్ను చాలునని 1707లో నొక గ్రంథము నచ్చొత్తించెను. రాజసభ దానిని నిషేధించెను. కొలది దినములకే వోబాన్ గతించెను. శాసనబంధము లేని రాజు తన ప్రభువుల మినహాయింపులనే తాకజాలకపోయెను.

డెన్మార్కు కథ కొంచెము వేఱు. అచ్చట 1665లో రాజు సర్వాధికారియని వ్రాతపూర్వకమైన శాసనమే యేర్పడినది. ఐరోపాలో నట్టిది వేఱొకటి లేదు. చిత్రమేమనగా, ఆ శాసనము ననుసరించి రాజు తన మతమును మార్చుకొనరాదు, రాజ్యమును బంచిపెట్టరాదు, తన యధికారమును దానే తగ్గించుకొనరాదు! సర్వస్వతంత్రుడని చెప్పిన పత్రమే యాతనికి మూడు సంకెలలు వేసినది. ఈ రాజవంశమునకును మనకును నొక చుట్టఱికము గూడ గలదు. డేనిషురాజు పోషణమున దరంగంబాడికి వచ్చిన క్రైస్తవమతాచార్యుల సంఘమునకు జెందిన బెంజమిను షుల్జ్ తెలుగు నేర్చి, 1746 ప్రాంతమున జర్మనీలోని హాలే నగరమున దెలుగు పుస్తకముల నచ్చొత్తించెను. తెలుగు లిపిలో నచ్చైన తొలిగ్రంథము లవియే.

ఇక మన ప్రస్తావన కసలైన కారణము చెప్పవలెను. పదునాలుగవ లూయీ కాలముననే బెర్నియర్ అను ఫ్రెంచివైద్యుడు మొగలాయీ రాజ్యమున బెక్కేండ్లుండి, 1667లో గోలకొండను గూడ జూచి, స్వదేశమునకు బోయి తన యాత్రను ప్రకటించెను. అందు గోల్బర్టునకు వ్రాసిన లేఖ యొకటి ప్రసిద్ధము. హిందూదేశమున భూమి యంతయు రాజుదే, ప్రజలకు సొత్తు లేదు, ఆస్తి లేనిచోట సేద్యము చెడును, కావున మన రాజు లట్లు చేయరాదని దాని సారము. ఇది హిందూదేశమునుగూర్చి వ్రాసిన లేఖ యనుకొందుము గాని, నిజమునకు ఫ్రాన్సు రాజునకు జెప్పిన హెచ్చరిక. మాంటెస్క్యూ 1748లో దీనిని, ఇతర యాత్రికుల వ్రాతలను బట్టి ఆసియా రాజ్యములన్నియు భయముచే నడచునవని సూత్రీకరించెను. 1778లో ఆంక్వెటిల్ డ్యుపెర్రాన్ అను పండితుడు, తూర్పుదేశములలోను లిఖితశాసనములు గలవు, సొత్తు గలదు, క్రయవిక్రయములు గలవు అని సోదాహరణముగా ఖండించెను. ఖండనము నెవరును జదువలేదు, మొదటి మాటయే పాఠ్యపుస్తకముల కెక్కినది. ఐరోపావారు తమ రాజు క్రూరుడు గాడని చెప్పుకొనుటకు మన రాజును గ్రూరునిగా జేసికొనిరి. దానిని మనము దెచ్చి మన పిల్లలకు నేర్పుచున్నాము.

ఆదవాని సీమ యిచ్చు సాక్ష్యము వేఱు. ఈ సీమ నల్లరేగడి నేల. వానను నమ్మిన మెట్టసేద్యము. పడమట తుంగభద్ర, తూర్పున గోనెగండ్ల ప్రక్క హంద్రి. నడుమ నాదవాని కొండలమీది దుర్గము. 1953లో నాంధ్రరాష్ట్ర మేర్పడువఱకు నాదవాని తాలూకా బళ్ళారి జిల్లాలో జేరియుండెను, ఆనాడు కర్నూలు జిల్లాలో గలిసినది. కావున దీని పూర్వవృత్తాంతమును వెదకువారు బళ్ళారి గ్రంథములను జూడవలెను. ఈ దుర్గమునకు విజయనగరము, బిజాపురము, ఢిల్లీ, హైదరాబాదు, మైసూరు, చివర కుంఫిణీ యని యాఱు ప్రభుత్వములు వరుసగా యజమానులైనవి. వీరిలో నెవరి మాట దుర్గమునుండి దిగి గోనెగండ్ల వంటి యూరి చావడి వఱకు నడిచినది? సర్వాధికారమును గొలుచుటకు నాకు దోచిన కొలబద్ద యిదియే. బిరుదులు కొలబద్ద కావు. బిరుదులలో మనవారికి లోటు లేదు.

విజయనగరమును జూచి వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, భూమి యంతయు రాజుదనియు, రాజు దానిని నాయకులకిచ్చుననియు, నాయకులు రైతులకిత్తురనియు జెప్పెను. పైకి జూడ బెర్నియర్ మాటవలెనే యున్నది. కాని నూనిజ్ చెప్పిన లెక్క చూడుడు. ఇన్నూటికి మించిన నాయకుల కొచ్చు మొత్తము నూటయిరువది లక్షల పరదాలు; అందు రాజున కిచ్చునది యఱువది లక్షలు. తక్కిన సగముతో వారు సేనలను బోషింపవలెను. అనగా సేన నాయకునిది, వసూలు నాయకునిది, గ్రామముతో మాటయు నాయకునిదే. రాజు నాయకుని దొలగింపగలడు. కాని నాయకత్వమును దొలగింపలేడు. కృష్ణదేవరాయలకు నీ చిక్కు తెలియకపోలేదు. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతిలో దుర్గములను బ్రాహ్మణుల కప్పగింపుమన్న యుపదేశము పండితులెఱిగినదే. వంశబలమును సొంత సీమయు లేనివాడు రాజునే యాశ్రయించి యుండునను తలంపు దాని వెనుక గలదు. కోల్బర్టును జేరదీసిన లూయీ తలంపును నదియే. నూటయేబది యేండ్లకు బూర్వమే రాయలు దానిని బద్యముగా జెప్పెను. అయినను దుర్గములకు మాత్రమే యది సరిపోయినది, సీమలకు సరిపోలేదు.

బోడిన్ చెప్పిన ప్రధానలక్షణము, శాసననిర్మాణము, మన రాజులకు సిద్ధాంతమునందే లేదు. ధర్మశాస్త్రమును రాజు చేయడు, చేసినది పాటించును. సామాన్యునకు నొక కార్షాపణము దండువు పడు నేరమునకు రాజునకు వేయి పడునని మనువు చెప్పెను. వ్యవహారమున మన దక్షిణాపథమున కంతకు బ్రమాణమైన మితాక్షరను వ్రాసినవాడు కల్యాణ నగరమున నివసించిన విజ్ఞానేశ్వరుడను పండితుడు గాని చాళుక్య చక్రవర్తి కాడు. లూయీ 1667లో వ్యవహారవిధికిని 1670లో నేరవిధికిని దన పేర శాసనగ్రంథములు వెలువరించెను. తెలుగు రాజు లెవ్వరును మితాక్షరను రద్దుచేసి తమ పేర వేఱొకటి వ్రాయింపవలెనని తలపోయలేదు. ఇది గుణమో దోషమో వేఱు సంగతి. నిరంకుశత్వము మాత్రము గాదు.

1565 యుద్ధానంతరము కొలది సంవత్సరములలో నాదవాని బిజాపురపు ఆదిల్‌షాహీల వశమైనది. సుల్తాను సర్వాధికారియని ఫర్మానాలు చెప్పునుగదా, ఫలితమేమి? పదునేడవ శతాబ్ది యుత్తరార్ధమున నాదవాని నేలిన సిద్ది మసూదుఖానుని జూడుడు. ఈతడు హబషీ, అనగా నబిసీనియా దేశమునుండి వచ్చిన వంశము. 1678 నుండి 1683 వఱకు బిజాపురమున బాలసుల్తానగు సికందరు పేర రాజ్యభారమును వహించి, అచ్చటి కలహములకు విసిగి యాదవానికి వచ్చి స్వతంత్రునివలె నుండెను. ఆదవానిలోని జుమ్మా మసీదు నాతని కాలపు కట్టడమే. నునుపైన రాతిపనికి నేటికిని జూడదగినది. 1686లో బిజాపురము కూలినది, 1687లో గోలకొండ కూలినది. రెండు సింహాసనములు పోయిన పిదపను మసూదు దుర్గము నిలిచియుండెను. 1688లో నౌరంగజేబు పక్షమున ఫిరోజుజంగు ముట్టడించెను. ఫిరంగులను మసీదు వైపునకు ద్రిప్పగా దానిని రక్షించుకొనుటకై మసూదు లొంగెనని యాదవానిలో నొక జనశ్రుతి గలదు.

ఆ 1688వ సంవత్సరమును బడులలో వేఱొక కారణమున జదువుదురు. ఇంగ్లండులో రెండవ జేమ్సు సింహాసనమును విడిచి పాఱిపోయినదియు నప్పుడే. అచ్చట రాజు పన్నులకు బార్లమెంటు సమ్మతి కావలెననుట స్థిరపడినది. ఇచ్చట నొక పాదుషా తన సామ్రాజ్యమును గృష్ణాతుంగభద్రలను దాటించెను. దుర్గమునకు ఇంతియాజుగఢ్ అని పేరు మాఱినది. పేరు మాఱినంత సులభముగా బరిపాలనము మాఱలేదు. మొగలాయీ పద్ధతిలో మనసబుదారునకు జాగీరు జీతమునకు బదులు. మూడు నాలుగేండ్లకు మార్చుచుండుట నియమము. లూయీ ఇంటెండెంటును మార్చినట్లే పాదుషా జాగీరుదారును మార్చును. కాని యింటెండెంటునకు సొంత సైన్యము లేదు, జాగీరుదారునకు గలదు. పైగా దక్షిణమున గెలిచిన సీమ లలజడిలో నుండుటచే వ్రాతలోని యాదాయము చేతికి రాలేదు. జాగీరు దొరకినవాడు మరల మార్చులోపలనే పిండుకొన జూచెను. 1707లో నౌరంగజేబు మరణించెను. వోబాన్ గ్రంథము నిషేధింపబడినదియు నా యేడే.

ఆదవానిని గెలిచిన ఫిరోజుజంగు కుమారుడే హైదరాబాదు తొలి నిజాము. ఆ నిజాము కుమారులలో నొకడు బసాలతుజంగు. ఈతనికి నాదవాని జాగీరైనది. గుంటూరు సీమయు నీతనిదే. అన్నదమ్ములలో నొకడు నిజామై యుండగా నీతడు ఫ్రెంచి సేనానులను జీతమిచ్చి యుంచుకొని, మదరాసులోని యింగ్లీషువారితో వేఱుగా సంధి మాటలు నడపెను. 1782లో మరణించెను. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి, నిజాము సేనలు బసాలతు కుటుంబమును దప్పించుకొని పోగానే దుర్గమును స్వాధీనపఱచుకొని ప్రాకారములను బడగొట్టించెను. కోటలను గూల్చుటలో రిషెల్యూకు సరి; కూల్చిన పిదప నిలిచి పాలించుటకు మాత్రము కాలము చాలలేదు.

ఈ మాఱుపాటుల నడుమ గ్రామమున నేమి జరుగుచుండెను? రెడ్డి పన్ను గట్టించును, కరణము లెక్క వ్రాయును, తలారి పొలిమేర గాచును. ఊరి చుట్టు మట్టిగోడ, నడుమ బురుజు. పై నుండి వచ్చిన యమీలు ఊరిమొత్తమునకు గిస్తు పేర్కొనును; దానిని రైతులమీద నెట్లు పంచిరో యాతనికి దెలియదు. తెలిసినవాడు కరణ మొక్కడే, ఆతడు చెప్పడు. కొన్నియెడల నడుమ బాళెగాడు నిలిచి కావలి రుసుమని తన పాలు దీసికొనును. మరాఠాలు వచ్చినచో చౌతు వేఱు. సుల్తాను, పాదుషా, నవాబు – ఎవరికైనను గ్రామము మూసిన పెట్టె. దానిని గొట్టి కొంత రాల్చుకొనవచ్చును గాని తెఱచి చూడ వీలులేదు. ఇట్టి ప్రభువు రైతును హింసింపలేదని నా యభిప్రాయము గాదు. దండు నడచిన త్రోవలోని యూరి బాధ చెప్ప నలవికాదు. హింసించుటకు బలము చాలును, సర్వాధికారమున కది చాలదు. బలహీనుడైన ప్రభువే తఱచుగా నెక్కువ హింసించును. మరుసటి యేడు తనది యగునో కాదో యెఱుగడు గనుక.

1800 అక్టోబరులో నిజాము తన రక్షణకై యుంచుకొన్న యింగ్లీషు సేన వ్యయమునకుగాను ఆదవానితోగూడ బళ్ళారి, కడప సీమలను గుంఫిణీ కిచ్చివేసెను. దత్తమండలము లనబడినవి యివియే. ఆ యేడే థామస్ మన్రో ప్రధాన కలెక్టరై నలుగురు సహాయులతో వచ్చెను. ఆతని లెక్కలో నీ మండలములందు బాళెగాండ్రు ఎనుబదిమంది. వారి కాయుధపాణులైన బంట్లు సుమారు ముప్పదివేలు. సేనాని డుగాల్డు కాంబెలు సాయమున రెండు మూడేండ్లలో వీరిలో ననేకులను దొలగించి, కొందఱిని బింఛనీదారులుగా జేసి, బంట్ల యాయుధములను విడిపించి, కావలిని సర్కారే పుచ్చుకొనెను. 1626 నాటి రిషెల్యూ యాజ్ఞ యిచ్చట నూటడెబ్బదియైదేండ్ల పిదప నమలు జరిగెనన్నమాట. లండనులోని డైరెక్టర్లకే యా కాఠిన్యము నచ్చక మన్రోను ఆక్షేపించి వ్రాసిరి.

గోనెగండ్లకు దక్షిణమున, నేటి దేవనకొండ మండలమున దెర్నేకల్లను గ్రామము గలదు. అచ్చట బాళెగాడు లేడు, గ్రామమే తిరుగబడినది. 1801లో బన్ను విషయమున వివాద మేర్పడి, వసూలునకు వచ్చిన సర్కారుద్యోగులను జంపి, గ్రామస్థులు గోడల వెనుక నిలిచిరి. నాయకుడు ముత్తుకూరు గౌడప్ప యని స్థానికులు చెప్పుదురు. ఆ డిసెంబరు మాసమున గాంబెలు సేన నడచి వచ్చినది. మొదటి పోరు విఫలమై కుంఫిణీ సిపాయీలనేకులు పడిపోయిరి. రెండవమాఱు ఫిరంగులతో గోడ పగులగొట్టి చొచ్చిరి. లోపలివారిలో బ్రాణములతో మిగిలినవారు కొలదిమంది. ఔరంగజేబు, బసాలతుజంగు, టిప్పు – వీరి దండ్లును నీ సీమలో నూళ్లను దోచియుండును. కాని దండు దోచి పోవును, ఊరు మరల గోడ కట్టుకొనును. తెర్నేకల్లున జరిగినది వేఱు. ఊరు తన పన్నును గూర్చి బేరమాడుట యిక చెల్లదని యచ్చట తేలిపోయెను.

పెట్టెను దెఱచి చూచు పని 1802లో మొదలైనది. నలుగురు గుమాస్తాలతో బ్రారంభమైన భూమికొలత యా యేడు ముగియులోపలనే నూఱుమందివఱకు బెరిగినది. ముప్పదిమూడడుగుల గొలుసు, అట్టి గొలుసు పొడవున నలుచదరము నలుబది చేరిన నొక యెకరము. కొండలు దప్ప దున్నుటకు వీలైన ప్రతి చేనును గొలిచిరి, తరములుగా విభజించిరి, ప్రతి చేనికిని దీర్వ వ్రాసిరి. అయిదేండ్లలో నీ పని ముగిసినది. రైతునకును సర్కారునకును నడుమ నాయకుడు లేడు, జాగీరుదారు లేడు, పాళెగాడు లేడు; రెడ్డియు గరణమును సర్కారు జీతగాండ్రైరి. అదే 1802లో మదరాసు గవర్నరు సభవారు రెగ్యులేషనులను పేర శాసనముల సంపుటమును వెలువరించిరి. పండితుల వ్యాఖ్యలతోగాని, గ్రామాచారముతోగాని పనిలేకుండ, బ్రజల సమ్మతి నడుగకుండ, చట్టము చేయుట యీ సీమ కదే మొదలు. బోడిన్ చెప్పిన లక్షణము పూర్ణముగా గనబడుటయు నప్పుడే. లూయీ తన రాజ్యమంతటను బ్రతి చేనిని గొలిపింపలేదు, ప్రభువుల భూములపై మినహాయింపును గొట్టివేయలేదు. కావున నైరోపా చరిత్రకారులు చెప్పు సర్వాధికార రాజ్యము ఆదవానికి వచ్చినమాట నిజమే. వచ్చినప్పుడు దానికి రాజు లేడు. వర్తకుల సంఘ మొకటి, దాని కుద్యోగి యొకడు, ఆతని చేత నొక గొలుసు.

ఆ యుద్యోగికి గూడ దాను కొలిచిన భూమిపై దన యిష్టము చెల్లలేదు. తాను విధించిన తీర్వ యెక్కువయని మన్రోకే తెలియును. 1807లో దేశము విడిచి పోవుటకు ముందు, మెట్టయనక మాగాణియనక తీర్వలో నూటికి నిరువదియైదు తగ్గింపవలెననియు, బావులు మొదలగువానిక్రింది భూములకు మఱి యెనిమిది తగ్గింపవలెననియు, రైతునకు దనభూమిపై స్థిరమైన హక్కుండవలెననియు వ్రాసి పంపెను. వోబాన్ గ్రంథమునకు సరిగా నూఱేండ్లు. రెవిన్యూ బోర్డువా రంగీకరింపలేదు. తీర్వ తగ్గింపకయే, రైతువారీని విడిచి, మొదట మూడేండ్లకును, పిదప బదేండ్లకును గ్రామములను మొత్తముగా గుత్తకిచ్చిరి. ఫ్రాన్సు రాజున కుప్పుపన్ను గట్టిన గుత్తదారులవంటివారే యిచ్చటను దయారైరి. గుత్త పట్టిన రెడ్లు పలువురు చెడిరి, చెడనివారు రైతులను జెఱిచిరి. 1820లో మన్రో మదరాసు గవర్నరై వచ్చిన పిదపనే యా నూటికి నిరువదియైదు తగ్గింపు దత్తమండలములకు లభించినది. ఏడేండ్లకు, పదవి ముగించుకొని స్వదేశమునకు బోవలసినవాడు ఈ సీమను మఱొకమాఱు చూడవచ్చి, 1827 జూలై 6వ తేదీన దెర్నేకల్లునకు జేరువనున్న పత్తికొండలో గలరా సోకి మరణించెను.